బంతిపూల కార్డు

పెండ్లి కుదిరిన పిల్లకు పొద్దున లేవగానే ఫోన్ చూసుకోవడంలో ఉన్న సుఖం ఇంకెందులోనూ ఉండదు. భాగ్య కళ్ళు సరిగ్గా తెరవకుండానే దిండు కింద చేయి పెట్టింది. మధుకర్ మూడు పెండ్లికార్డులు తయారుచేసి పంపాడు. ఒకదాంట్లో నెమళ్ళు, ఒకదాంట్లో ఏనుగులు. మూడోదాంట్లో ఇద్దరి పేర్ల మధ్య చిన్న ఎర్రటి గుండె టకటకా కొట్టుకుంటోంది. అక్షరాల మీద సన్నని మెరుపొకటి అటునుంచి ఇటు పాకి మాయమై మళ్ళీ వస్తోంది. ఆమె దాన్ని పదకొండుసార్లు చూసింది. పన్నెండోసారి చూస్తుంటే వాకిట్లోంచి తల్లి గొంతు వినిపించింది.

"లేసినవా లేదా? ఆకు కత్తిరియ్యనీకి ఒక్క చెయ్యన్న సాయం జెయ్యవే. అత్తగారింటికి వోయినంక గూడ గిట్లనే ఫోన్‌ల మొఖం వెట్టుకొని కూసుంటవా?"

"కూసుంటనే అవ్వా. ఆయన గూడ కూసుంటడు. నువ్వచ్చి ఇద్దరికీ వండిపెట్టు."

"ఓయమ్మ, నోరు సూడు దీంది!" అని ప్రేమలత నవ్వింది.

కోరుట్లలో వాళ్ళ వాడకట్టున పొద్దున్నే ప్రతి గుమ్మం ముందూ ఒక చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన తునికాకు ఉంటాయి. ప్రేమలత పదిహేనేళ్ళ వయసు నుంచి బీడీలు చుడుతోంది. నవ్వుతున్నా ఆమె వేళ్ళు ఆగవు, ఏడుస్తున్నా ఆగవు.

అంతలో తండ్రి ఎల్లేశం ట్రాలీ ఆటో ఇంటిముందు ఆగింది. తాతల కాలంలో కల్లు కోసం తాళ్ళెక్కిన కుటుంబం, పద్నాలుగేళ్ళు దుబాయిలో ఇనుము మోసిన ఒళ్ళు. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయి ఆటో దిగడానికే ఒక నిమిషం పడుతుంది. ఆరోజు మాత్రం ఉషారుగా దిగాడు. చేతిలో జగిత్యాల ప్రెస్సు నుంచి తెచ్చిన నమూనా కార్డులు.

"గిది సూడు బిడ్డా. మీద ఎంకటేశ్వరసామి. లోపల మడత. అంచుకు బంగారు రంగు. ముట్టుకో, గరుకు గరుకు ఉంటది."

భాగ్య ముట్టుకుంది. నిజంగానే గరుకుగా, కొత్త చీర అంచులా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసింది. అయినా తండ్రి వైపు తిరిగి మూతి ముడిచింది.

"బాపూ, గిప్పుడు కార్డులు ఎవలు సదువుతున్నరు? మొన్న లీల లగ్గం కార్డుల మీద పక్కింటి మల్లక్క వడియాలు ఆరవెట్టింది, కండ్లార సూసిన. ఫోన్‌ల వంపితే ఎప్పటికీ జేబుల ఉంటది. దుబాయిల చిన్నబాపుకు గీ కాయితం ఎట్ల అందిస్తవ్?"

"దుబాయోనికి ఫోన్‌లనే వంపు. గా క్యాంపుల ఉండి ఎంతమంది లగ్గాలు ఫోన్‌ల సూసిన నేను! కండ్లకు అందుతది గని కడుపుకు అందదు బిడ్డా. ఈడున్నోల్లకు గడపదాక వోవాలె. బొట్టు వెట్టాలె. మా పొల్ల లగ్గం, మీరు రావాలె అని నోటితోని చెప్పాలె."

"గా మోకాళ్ళు వట్టుకొని ఎన్ని ఊర్లు తిరుగుతవయ్యా?" అంది ప్రేమలత. "బీర్పూర్ దాక సుట్టాలున్నరు మనకు."

"సరే. ఒక యాభై కొట్టిస్త. పెద్దమనుషులకు, ఆడిబిడ్డలకు. మొదటి కార్డేమో మన..."

ఎల్లేశం మాట మధ్యలో ఆగిపోయింది. ప్రేమలత వేళ్ళు కూడా ఆగాయి.

వాళ్ళ ఇండ్లల్లో మొదటి కార్డు ఇంటి ఆడబిడ్డకే ఇస్తారు. పెండ్లిపిల్లకు మొదటి పసుపు పెట్టేది కూడా మేనత్తే. ఎల్లేశానికి ఉన్నది ఒక్క అక్క, మేడిపల్లిలో ఉండే రాములవ్వ.

భాగ్యకు నాలుగేళ్ళప్పుడు ప్రేమలతకు తంబాకు దుమ్ముతో ఛాతీ జబ్బు చేసింది. పిల్లను దగ్గర ఉంచుకోవద్దన్నారు. తండ్రి దుబాయిలో. అప్పుడు రాములవ్వ వచ్చి మేనకోడలిని చంకనేసుకుని మేడిపల్లికి తీసుకుపోయింది. భర్త తాటిచెట్టు మీదినుంచి పడి చనిపోయినప్పటినుంచి ఆమె, కొడుకు వీరేందర్ ఇద్దరే ఉండేవాళ్ళు. భాగ్య మూడో మనిషైంది. ఆరేళ్ళు అక్కడే పెరిగింది. రాములవ్వ ఇద్దరు పిల్లలకూ ఒకే కంచంలో అన్నం కలిపి, ఒక ముద్ద వాడికి, ఒక ముద్ద దీనికి పెట్టేది. ఎవరైనా అడిగితే "నా కోడలుపిల్ల" అనేది. ఆ మాట ఎవరూ ఖాయం చేయలేదు, ఎవరూ కాదనలేదు.

వీరేందర్ మస్కట్ పోయాడు. రెండేళ్ళ కింద ఒక తెల్లవారుజామున క్యాంపులో నిద్రలోనే గుండె ఆగిపోయింది. ఇరవై ఆరేళ్ళు. ఇరవై మూడు రోజులకు పెట్టె వచ్చింది.

ఆ తర్వాత రాములవ్వ ముందు ఎవరూ పెండ్లి అన్న మాట ఎత్తలేదు. భాగ్యకు సంబంధాలు చూస్తున్నట్టు చెప్పలేదు, తంగళ్ళపల్లి సంబంధం కుదిరినట్టూ చెప్పలేదు. ఎల్లేశం ప్రేమలత చెబుతుందనుకున్నాడు. ప్రేమలత ఎల్లేశం చెబుతాడనుకుంది. చుట్టాలందరూ ఆ ఇంటివాళ్ళే చెప్పుకుంటారులే అనుకున్నారు.

"కొందరికి కార్డు, కొందరికి ఫోనా?" అంది భాగ్య గబగబా. "మనకు పేరు వెట్టరా బాపూ? ఎవ్వలకూ కార్డు వద్దు. అందరికీ ఒక్కటే తీరు."

వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ మాట అంటున్నప్పుడు తన గొంతు కొంచెం పలచబడటం భాగ్యకే తెలిసింది. కాగితం కార్డే లేకపోతే మొదటి కార్డు అన్నదీ ఉండదు. దాన్ని పట్టుకుని వీరేందర్ తల్లి గడప ముందు ఎవరూ నిలబడనక్కరలేదు. ప్రేమలత కూతురి వైపు చూసిన చూపులో, గండం గట్టెక్కించినందుకు చెప్పుకునే కృతజ్ఞత లాంటిది ఉంది.

ఎల్లేశం నమూనాలను మళ్ళీ సంచిలో పెట్టాడు. "సరే, మీ ఇష్టం. అక్కకు మాత్రం నేనే వోయి చెప్త. రేపు వోత."

రేపు బండికి కిరాయి తగిలింది. మరునాడు మోకాలు వాచింది. ఆ వచ్చే ఆదివారం అమావాస్య.

కార్డులు మాత్రం ఆగలేదు. గుండె కొట్టుకునే ఆ కార్డును భాగ్య పంపిన అరగంటలో ఫోన్ పండగైపోయింది. దుబాయి నుంచి చిన్నబాపు ఏడుస్తూ నవ్వుతూ మాటలు రికార్డు చేసి పంపాడు. ఆయన గదిలోని ఎనిమిదిమందీ వరసగా "శుభాకాంక్షలు చెల్లె" అన్నారు. భాగ్య ఆ ఎనిమిది గొంతులనూ మళ్ళీ మళ్ళీ విని మురిసింది. కాగితం ఈ పని చేయగలదా? చేయలేదు. అందులో ఆమె తప్పేమీ లేదు.

మధుకర్‌కు సిరిసిల్లలో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం ఉంది. తండ్రి బతుకంతా సాంచెల మీద బట్ట నేశాడు. కొడుకు కంప్యూటర్ మీద బొమ్మలు నేస్తున్నాడని తంగళ్ళపల్లిలో చెప్పుకుంటారు. పెండ్లికి మూడు రోజుల ముందు ఫోన్ చేసి, "నీ ఒక్కదాని ఫొటో వంపు, పసుపు చీరలది. హల్దీ కార్డు చేస్త" అన్నాడు.

"హల్దీకి గూడ కార్డా? మా ఊర్లె పసుపుకు పిలుసుడంటే గోడ మీదికెల్లి కేకేసుడే."

"నీ మొగుడు ఫ్లెక్సీలోడు. గా మాత్రం లేకపోతే నాకు ఇజ్జత్ ఏముంటదే?"

గంటలో కార్డు వచ్చింది. మధ్యలో పసుపు చీరలో నవ్వుతున్న భాగ్య. చుట్టూ నిండుగా బంతిపూల దండలు. కింద ఆమె పేరు, తారీకు. భాగ్యకు తన ముఖం ఇంత బాగుంటుందని అప్పటిదాకా తెలియదు. ఆ బొమ్మను వేళ్ళతో పెద్దది చేసి, చిన్నది చేసి, మళ్ళీ పెద్దది చేసి చూసుకుంది.

పసుపుకు ముందురోజు పొద్దున ఎల్లేశం చెప్పులేసుకుంటూ, "జగిత్యాలల గిన్నెలు తెచ్చి, గట్లనే వాపసు వచ్చేటప్పుడు అక్క దగ్గర దిగుత. ఇయ్యాల పక్కా" అన్నాడు. ఆ పక్కాలో పక్కాతనం లేదని భాగ్యకు అర్థమైంది. రేపు పసుపు, ఎల్లుండి లగ్గం. అత్తమ్మకు ఇంకా తెలియదు.

ఫోన్‌లో అత్తమ్మ పేరు తెరిచింది. ఆ ఫోన్ వీరేందర్ మస్కట్ నుంచి పంపింది. రాములవ్వకు చదువు రాదు. పచ్చగా ఉన్నది నొక్కితే మాట, బొమ్మ మీద నొక్కితే బొమ్మ, అంతవరకు వచ్చు.

పెండ్లికార్డు పంపబోయింది. అందులో మధుకర్ ఆమె భుజం మీద చేయి వేసి ఉన్నాడు. వీరేందర్ తల్లి ఆ చేయిని చూడాలా? భాగ్య బొటనవేలు వెనక్కి వచ్చింది. హల్దీ కార్డయితే తానొక్కతే ఉంది. చూసి అత్తమ్మే అర్థం చేసుకుంటుంది, మనసు కూడా నొప్పి పడదు, సాయంత్రం బాపు పోయి వివరంగా చెబుతాడు. అంతా సున్నితంగా అయిపోతుంది.

బంతిపూల కార్డు పంపింది. కింద ఒక్క మాట కూడా రాయలేదు. రాసినా ఆమెకు చదవడం రాదు కదా. ఫోన్ చేసి నోటితో చెప్పవచ్చన్న ఆలోచన రాకపోలేదు. వచ్చిన ఆలోచన నిలబడకముందే గాజుల చిన్నవ్వ బుట్ట దించింది. భాగ్య ఫోన్ పక్కన పడేసి పరుగెత్తింది.

ఇంటిముందు టెంటు వేశారు. కుర్చీలు దిగుతున్నాయి. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటున్నారు. చిన్నవ్వ భాగ్య చేయి ఒత్తి ఒత్తి పచ్చగాజులు ఎక్కిస్తోంది.

"గింత మెత్తగున్నదేందమ్మా చెయ్యి? ఇంట్ల ఒక్క గిన్నె తోమిందా ఈ పొల్ల?"

"బీడీ సుట్టమంటే ఫోన్ సుడుతది" అని ప్రేమలత అనేసరికి అందరూ ఘొల్లుమన్నారు.

ఆ నవ్వు మధ్యలో వీధి చివర నుంచి ఒక శోకం వినిపించింది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఎక్కడో ఎవరో పోయారనుకున్నారు. అది దగ్గరవుతోంది.

"ఓ నా బిడ్డో... నన్ను తీస్కపోక నిన్ను తీస్కపాయెనా బిడ్డో... కొడుకు పాయె, నువ్వన్న ఉన్నవనుకుంటి బిడ్డో..."

ఆటో దిగిన రాములవ్వ కాళ్ళకు చెప్పుల్లేవు. కొప్పు ఊడిపోయి ఉంది. టెంటును, కుర్చీలను చూడగానే ఆమె అక్కడే కూలబడింది. గుంజ పట్టుకుని లేచి, గుండెలు బాదుకుంటూ, ఎవరినీ చూడకుండా నేరుగా లోపలికి వచ్చింది. ఇంటి నడుమ నేలమీద పడుకోబెట్టిన మనిషి కోసం ఆమె కళ్ళు వెతికాయి.

అక్కడ భాగ్య నిలబడి ఉంది. ఒక చేతికి గాజులు నిండాయి, ఇంకో చేయి ఖాళీ.

రాములవ్వ నోరు తెరిచినట్టే ఉండిపోయింది. దగ్గరికి వచ్చింది. రెండు చేతులతో భాగ్య ముఖం తడిమింది, చెవులు తడిమింది, భుజాలు, చేతులు తడిమింది. గాజులు గలగలమన్నాయి.

"ఉన్నవా?" అంది. "ఉన్నవా బిడ్డా?"

"అత్తమ్మా... ఏమైంది అత్తమ్మా?"

"నా ఫోన్‌ల నీ ఫొటో అచ్చింది. సుట్టూ పూలదండ, కింద తారీకు. మా వీరేందర్‌ది గూడ గట్లనే అచ్చె గదా. గట్లనే పూలు, గట్లనే వాడు నవ్వుకుంట... పక్కింటి లస్మవ్వ కోడలు తెచ్చి సూపియ్యంగనే నాకు ఎరుకైంది గదా వాడు పోయిండని. ఎవ్వలూ చెప్పకముందుగాల, గా ఫొటోనే..."

మేడిపల్లిలోనైనా కోరుట్లలోనైనా మనిషి పోతే మొదట తిరిగేది అదే: ఫొటో, చుట్టూ పూలు, కింద తారీకు. అందరి ఫోన్లలోనూ అలాంటివి ఉన్నాయి. అందరూ చూశారు, అందరూ చేతులు జోడించిన గుర్తు పెట్టారు. భాగ్య కార్డులో ఆ పోలిక ఎవరికీ తట్టలేదు, చదువురాని ఆ తల్లికి తట్టింది.

ముందుగా తేరుకున్నది మల్లక్క. "లగ్గమింట్ల గీ శోకాలేంది? రేపు పసుపు వెట్టుకొని!" అంది మెల్లగా, కానీ అందరికీ వినబడేలా.

ఆ మాటతో ప్రేమలతకు ఒళ్ళంతా భయం పాకింది. ఒక్కగానొక్క బిడ్డ పెండ్లి. టెంటు కిందే చావు ఏడుపు. భయానికి కోపం తోడైంది.

"ఏంది వదినె గిది? ఒక్క ఫోన్ జేసి అడుగరాదా? ఏడ్సుకుంట అచ్చుడేనా? శుభమా అని లగ్గం వెట్టుకుంటే..."

లగ్గం అన్న మాట దగ్గర రాములవ్వ చూపు నెమ్మదిగా తిరిగింది. గాజుల బుట్ట, గోడకు ఆనించిన కొత్త బీరువా, తలుపుకు పూసిన పసుపు. ఒక్కొక్కటీ చూసింది.

"లగ్గమా?" అంది. "ఎన్నడు?"

"ఎల్లుండి" అంది ఎవరో.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. వెంట్రుకలు ముడి వేసుకుంది. ఇప్పుడు ఆమె గొంతులో ఏడుపు లేదు, అదే భాగ్యకు భరించలేకుండా ఉంది.

"తప్పయింది ప్రేమలతా. మంచికి పిలిస్తె రావాలె, చెడ్డకు తెలిస్తె రావాలె అంటరు. నాకు చెడ్డ అనే తెలిసింది, ఉరికొచ్చిన. మంచికయితే మీరు పిలువలేదు. ఇగ నాకు ఈడ పనిలేదు." ఒక్క క్షణం ఆగింది. "పొల్ల నవ్వుకుంట ఉన్నది. గది సాలు. గుమ్మం కడుక్కోండ్రి, మీకు మంచిగుంటది."

అంతదూరం వచ్చిన మనిషికి మంచినీళ్ళన్నా ఇవ్వాలని ఎవరికీ తోచలేదు. టెంటు దాటి, ఆటో దాకా ఇరవై అడుగులు. భాగ్య ఆ ఇరవై అడుగులూ చూస్తూ నిలబడింది. ఆటో మలుపు తిరిగింది. తర్వాతెప్పుడైనా ఆ పెండ్లి గురించి తలుచుకుంటే భాగ్యకు మొదట కనబడేవి ఆ ఇరవై అడుగులే.

మధుకర్‌కు ఫోన్ చేసింది. ఏడుస్తూనే జరిగింది చెప్పింది. అతను దుకాణం కంప్యూటర్‌లో ఆ కార్డు మళ్ళీ తెరిచి చూశాడు.

"భాగ్యా... గది గదే ఫ్రేము" అన్నాడు చివరికి.

"ఏది?"

"శ్రద్ధాంజలికి వాడేది. మా దుకాణంల పెండ్లివి వారానికి ఒకటొస్తె, గవి మూడొస్తయి. సాంచెలు బందయి ఒకరు, గల్ఫ్‌ల ఒకరు... కంప్యూటర్‌ల దండలు మంచిగ కోసిపెట్టుకున్న, రోజూ అవే వాడుత. రంగు జర పెంచి నీ ఫొటో సుట్టూ వెట్టిన. పూలు పూలే గదా అనుకున్న. నీ మీద ఒట్టు, నాకు అస్సలు యాదికే రాలే."

అతణ్ణి ఏమనాలి? అతను అల్లిన దండను అంత ముచ్చటగా పెద్దది చేసి చూసుకున్నది తానే. ఎంచి ఎంచి అత్తమ్మకు పంపిందీ తానే. పెండ్లికార్డు పంపి ఉంటే ఆమెకు నొప్పి కలిగేది, అంతే. నొప్పి తగలకూడదని పంపిన బొమ్మ ఆమెను మరొకసారి చంపింది.

ఎల్లేశం నాలుగు గంటలకు గిన్నెలతో వచ్చాడు. మేడిపల్లి దగ్గర దిగలేదు. విషయం విని గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"వీరేందర్ పోయిననాడు" అన్నాడు ఎవరినీ చూడకుండా, "మస్కట్ కెల్లి నాకు ఆరింటికే ఫోన్ అచ్చింది. ఏడింటికి మేడిపల్లిల దిగిన. బస్టాండు కాడ హోటల్ల కూసున్న. చాయ్ తాగిన. ఇంకోటి తాగిన. అక్క ఇల్లు నూరడుగులు లేదు. లేస్త, కూసుంట, లేస్త, కూసుంట. పదింటికి గల్లీ కెల్లి ఏడుపు ఇనబడ్డది. నాకంటె ముందుగాల ఫోన్ వోయింది."

ప్రేమలత బీడీల చాట ముందు కూర్చుని ఉంది. వేళ్ళు ఊరికే ఉన్నాయి.

"గప్పుడు నువ్వు వోలేదు. గిప్పుడు నేను వోలేదు" అంది భాగ్య. "పా బాపూ. బండి తియ్యి."

"రేపు పసుపు" అంది ప్రేమలత. "పెండ్లిపిల్ల గడప దాటద్దంటరు."

"నన్ను ఆరేండ్లు సాదిన గడపకే వోతున్న అవ్వా."

ప్రేమలత లేచి ముఖం కడుక్కుంది, కుంకుమ భరిణె కొంగున ముడేసుకుంది. "నేను గూడ అస్త. మాట జారింది నేను" అని ట్రాలీ వెనక గిన్నెల పక్కన ఎక్కి కూర్చుంది.

మేడిపల్లి చేరేసరికి ఎండ పచ్చబడింది. రాములవ్వ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. స్నానం చేసినట్టుంది, వెంట్రుకలు తడిగా ఉన్నాయి. వీళ్ళను చూసి లేచింది. లోపలికి పోయి మూడు గ్లాసుల్లో మంచినీళ్ళు తెచ్చింది. ఆ నీళ్ళు చూసి ప్రేమలత తల వంచుకుంది.

"అక్కా..." అని ఎల్లేశం మొదలుపెట్టి ఆగిపోయాడు.

"వదినె, నాది నోరు గాదు..." అంది ప్రేమలత.

"ఆగుండ్రి మీరు" అంది రాములవ్వ. "పొల్ల ఏదో చెప్పనీకి అచ్చినట్టున్నది. చెప్పనియ్యుండ్రి."

భాగ్య చేతిలో కార్డు లేదు. కాగితందీ లేదు, ఇంకోటీ లేదు. రెండు ఖాళీ చేతులు, ఒకదానికే గాజులు. తల్లి ముడి విప్పి ఇచ్చిన కుంకుమ తీసుకుని అత్తమ్మ నుదుటి దాకా చేయెత్తింది. రాములవ్వ తల వెనక్కి జరిగింది. తర్వాత, ఏమనుకుందో, జరిగిన తలను ముందుకు తెచ్చింది. భాగ్య బొట్టు పెట్టింది.

"అత్తమ్మా, నా లగ్గం. ఎల్లుండి. నువ్వు రావాలె."

"గట్లనా!" అంది రాములవ్వ, అప్పుడే మొదటిసారి వింటున్నట్టు. "ఏ ఊరు?"

"తంగళ్ళపల్లి."

"ఎవల పిలగాడు?"

"నర్సింగం మామ కొడుకు. సిరిసిల్లల దుకాణం ఉన్నది."

"పేరేంది?"

వాళ్ళ తలల పైన గోడమీద వీరేందర్ ఫొటో. దాని కింద నిలబడి చెప్పాల్సి వస్తుందనే కదా ఇన్ని రోజులు పారిపోయింది. "మధుకర్" అంది భాగ్య. చెప్పాక ఇల్లు కూలలేదు. రాములవ్వ తల ఊపింది.

"ఏడి? సూపియ్యి."

భాగ్య ఆ పెండ్లికార్డు తెరిచింది. భుజం మీద చేయి. ఎర్రటి గుండె. రాములవ్వ ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని ఎంతోసేపు చూసింది.

"మంచిగున్నడు. మా వీరేందర్ అంత ఎత్తుంటడా?"

"లేదు అత్తమ్మా. జర పొట్టే."

"ఉండని తియ్యి. వాడు మరీ తాటిచెట్టు. ఇంట్లకు అచ్చినప్పుడల్లా తలకాయకు దర్వాజ తలుగుతుండె." అని నవ్వింది. నవ్వు మధ్యలో ఆమె పెదవి వంకర తిరిగింది. భాగ్య ఆమె ఒడిలో పడిపోయింది. ఎల్లేశం తువ్వాలతో ముఖం కప్పుకున్నాడు.

"నాకు దుఃఖమైతదని చెప్పలేదా?" అంది రాములవ్వ, మేనకోడలి వీపు నిమురుతూ. "దుఃఖం నాకు కొత్తదా? గది ఇంట్లనే ఉన్నది. నా చేతుల మీద వెరిగిన పొల్లకు లగ్గం కుదిరిందంటె ఇన్ని దినాలు వాడకట్టంత తిరిగి చెప్పుకుందు గదనే. నా ఎన్కపొంటి గా ఒక్క మంచి ముచ్చటన్న తిరుగుతుండె. మీరు నా కెల్లి సంబురం దాసిన్రు తమ్మీ."

ప్రేమలత ముందుకు వంగి రాములవ్వ పాదాలు పట్టుకుంది. "లే, లే" అని ఆమె చేతులు విడిపించింది రాములవ్వ. "పొద్దుగాల బండి వంపుండ్రి. పసుపు నేనే వెడుత. ఇంకెవల్నీ వెట్టనియ్యకుండ్రి."

తర్వాత చిక్కుడుకాయల చాట పక్కకు జరిపి, భాగ్యను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఇగ మొదటి సంది చెప్పు. నిన్ను సూడవచ్చినప్పుడు ఎంతమంది అచ్చిన్రు? నువ్వు ఏం చీర కట్టినవ్?"

భాగ్య ముక్కు తుడుచుకుని మొదలుపెట్టింది. ఎర్రంచు ఆకుపచ్చ చీర. పదకొండుమంది వచ్చారు. మధుకర్ తొట్రుపడి చాయ్ ఒళ్ళో ఒలకబోసుకున్నాడు. "గట్లనా! కాలలేదా?" అని రాములవ్వ చిన్నపిల్లలా ముందుకు వంగింది. అడిగిందే అడిగింది, విన్నదే మళ్ళీ విన్నది. అత్త చేతి సంచి రంగు, ఆడబిడ్డ మాటతీరు, పెట్టిన మిఠాయి, అన్నీ కావాలి ఆమెకు.

"మీ అత్త నీ తలల పువ్వు వెట్టిందా?"

"వెట్టింది."

"ఏం పువ్వు?"

భాగ్య నోరు తెరిచి ఆగింది. మల్లెనా, కనకాంబరమా? ఆ రోజు ఆ పువ్వు వాసనకే ఎంత పొంగిపోయింది! వెంటనే అత్తమ్మకు చెప్పుకోవాలనిపించింది కూడా, చెప్పుకోలేదు. ఎంత వెతికినా ఇప్పుడు చేతికి దొరకడం లేదు.

"యాదికి లేదు అత్తమ్మా" అంది. అంతవరకు ఆగిన ఏడుపు అప్పుడు మళ్ళీ వచ్చింది.